బ్యాలే లంగా కుడదాం – 5వ పాఠం: నెట్టుకు కుచ్చులు

పోయిన పాఠంలో కుట్టి పక్కన పెట్టిన నడుంపట్టీ తీసి ముందు పెట్టుకోండి. మనం అనుకున్న పదేళ్ల పిల్ల కొలతకి దాని కింది అంచు 28 అంగుళాలు వచ్చింది. అడుగు నుంచి పైకి, అరంగుళం ఎడంతో, సుద్దతో 5 గీతలు గీయండి. ఒక్కో గీత మీద ఒక్కో నెట్టు పొర కూర్చుంటుంది.

ముందు నెట్టు సంగతి. బ్యాలే లంగాకి అనగానే షాపువాళ్లు కాన్‌కాన్ తాను తీసి బల్ల మీద పడేస్తారు. లెహంగా లోపల ఉబ్బు కోసం వేసే గట్టి నెట్టు అది. వద్దనండి. (కాన్‌కాన్ కూడా 19వ శతాబ్దపు పారిస్ నాట్యం పేరే, లంగా ఎగరేసి కాళ్లు విసిరే రకం. మన పని వేరు.) పిడికిట్లో నలిపి వదిలితే మెల్లగా విచ్చుకునే మెత్తటి నెట్టు కావాలి. నలపగానే టప్పున లేస్తే గట్టిది, అసలు లేవకుండా పడుకుంటే మరీ పల్చనిది.

మెత్తనిదే ఎందుకో తెలియాలంటే 1832 మార్చి 12న పారిస్ ఒపేరాకి వెళ్లాలి. ఆ రాత్రి ‘లా సిల్ఫీడ్’ అనే బ్యాలేలో నర్తకి మారీ టాల్యోనీ గాలిదేవతగా వచ్చింది. బిగుతు జాకెట్టు, బయటికి కనిపించే భుజాలు, పిక్కల దాకా గంటలా దిగిన తెల్లటి లంగా. ఆ దుస్తుల రూపకల్పన యూజీన్ లామీ అనే చిత్రకారుడిదని చెబుతారు. అప్పట్లో పారిస్ వీధుల్లో ఆడవాళ్ల గౌన్లు ఎలా ఉండేవో చూస్తే రహస్యం తెలిసిపోతుంది. సన్నటి నడుం, గంట ఆకారపు లంగా, మోచేతి పైన బుడగల్లా ఉబ్బిన చేతులు. నాట్యగత్తె బట్ట ఆ గౌనే. చేతుల ఉబ్బు, బరువు తీసేశారు, అంచు పైకి జరిపారు. ముందు వరసలో కూర్చున్న ఆవిడకి వేదిక మీద కనిపించింది తన గౌనే, కాకపోతే బరువు లేనిది.

తర్వాత వీధి ఒక దారి పట్టింది, వేదిక ఇంకో దారి పట్టింది. గంజి పెట్టిన లోలంగాలు ఒకదాని మీద ఒకటి మోసి విసిగిపోయిన ఆడవాళ్లకి 1856లో ఉక్కు చువ్వల పంజరం దొరికింది, అదే క్రినోలిన్. వేదిక మీద ఆ పంజరం వేసుకుని గెంతలేరు కదా! అందుకే అక్కడ ఉబ్బు అంతా పొరలదీ, కుచ్చులదీ. మనం నేర్చుకునేది అదే.

ఇక కత్తెర పట్టండి. 58 అంగుళాల పన్నా ఉన్న నెట్టు 5న్నర మీటర్లు చాలు. ఒక్కో పొరకి రెండు ముక్కలు. అట్టడుగు పొర పొడవు 20 అంగుళాలు, ఆపై పొర 20న్నర, అలా అరంగుళం పెంచుకుంటూ పై పొర 22. కుట్టే గీత పైకి జరుగుతుంది కాబట్టి ఈ తేడా, కింద అంచులన్నీ మాత్రం ఒకే చోటికి వస్తాయి. నెట్టుకి పోగులు ఊడవు, అంచు మడత అక్కర్లేదు. రెండు ముక్కల్లో ఒకటి ముందుకి అలాగే ఉంచి, రెండోదాన్ని నిలువునా సగం చేసి వెనక్కి పెట్టండి. అప్పుడు రెండు అతుకులు పక్కలకి, ఒకటి వెనక మధ్యకి పోతాయి. వెనక అతుకులో పైన 5 అంగుళాలు వదిలేయండి, హుక్కుల కోసం.

ఇప్పుడు కుచ్చులు. 116 అంగుళాల నెట్టు 28లో ఇమడాలి, అంటే నాలుగింతలు. నేను మొదటిసారి కుట్టినప్పుడు చుట్టూ ఒకే దారం పోనిచ్చాను. చివరి జానెడు లాగుతుంటే పుటుక్కున తెగి, చేసిందంతా జారిపోయింది. మర్నాడు పొద్దున్నే పాప ప్రోగ్రాం. మీరు అలా చేయకండి. పొరని నాలుగు భాగాలు చేసి గుర్తు పెట్టండి, ఒక్కోటి 29 అంగుళాలు. మిషన్‌లో కుట్టు అన్నిటికన్నా పెద్దది పెట్టి, దారం బిగువు కాస్త వదులు చేసి, అంచుకి పావంగుళం లోపల ఒక వరస, అరంగుళం లోపల ఇంకో వరస వేయండి. ఒక భాగం అవగానే ఆపి, నాలుగు వేళ్ల దారం వదిలి కత్తిరించి, రెండో భాగానికి కొత్తగా మొదలుపెట్టండి. కొసల్లో రివర్స్ కుట్టు వేయొద్దు. అడుగు దారాలు రెండూ కలిపి పట్టుకుని, నెట్టుని వేళ్లతో వెనక్కి తోస్తూ ఉండండి. లాగేది దారం కాదు, జరిపేది నెట్టు. ఈ తేడా చేతికి అలవాటయ్యాక తెగడం ఉండదు. 29 కాస్తా 7 అంగుళాలయ్యాక దారం కొసల్ని గుండుసూదికి ఎనిమిది ఆకారంలో చుట్టండి.

అన్నిటికన్నా కింది గీతతో మొదలుపెట్టి, కుచ్చు వరసలు రెంటికీ మధ్యలో కుట్టు పోనిచ్చి పట్టీకి అతకండి. తర్వాత పై గీత, ఆపై గీత. పైకి పోయేకొద్దీ పట్టీ సన్నబడుతుంది, కాబట్టి 7 అని గుడ్డిగా పోకుండా ప్రతి గీతనీ టేపుతో కొలిచి నాలుగో వంతు తీసుకోండి. చివరి పొర పై అంచుని జాకెట్టు కప్పేస్తుంది.

ఇస్త్రీ పెట్టె దగ్గరికి తేకండి. మన నెట్టు నైలాన్, ఇట్టే కరిగి అతుక్కుంటుంది. ఆనాటి నూలు పల్చని గుడ్డది ఇంకో ప్రమాదం. దీపాలన్నీ గ్యాస్ మంటలే. ఎమ్మా లీవ్రీ అనే నర్తకి లంగాకి 1862 నవంబరులో రిహార్సల్‌లో నిప్పంటుకుంది. ఎనిమిది నెలలు నరకం చూసి చనిపోయింది. నిప్పంటకుండా లవణాల నీళ్లలో ముంచిన బట్ట ఉండేది, కానీ అది గట్టిపడి వన్నె తగ్గుతుందని ఆమె ఒప్పుకోలేదు. ఆ మెత్తదనం కోసమే కదా ఇప్పుడు మనమూ కాన్‌కాన్ వద్దన్నది, ఇంట్లో దీపం, అగరుబత్తి దగ్గర మాత్రం పిల్లని ఈ లంగాతో నిలబెట్టకండి.

కుట్టాక లంగాని తలకిందులు చేసి, పట్టీ కిందికి వచ్చేలా హ్యాంగరు క్లిప్పులకి తగిలించి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న తిప్పి చూస్తే పొరలు విడివిడిగా విచ్చుకుని ఉంటాయి. ఒక పక్క పల్చగా కనిపిస్తే ఆ భాగం కుచ్చులు సమంగా జరగలేదన్నమాట, ఆ నాలుగో వంతు ఒక్కటే విప్పి మళ్లీ కుట్టండి. ఆరో పాఠంలో జాకెట్టు ముందు కోణం. దానికి లైనింగ్ గుడ్డ అర మీటరు కొని ఉతికి ఆరబెట్టి ఉంచండి.