మూత తెరిచే ఉన్నా స్లీప్‌లోకి పోయిన ల్యాప్‌టాప్

హన్మకొండలో మా తమ్ముడు గ్రూప్స్‌కు చదువుతూ నా పాత విండోస్ 10 ల్యాప్‌టాప్ వాడుతున్నాడు. వీడియో క్లాసు మధ్యలోనే స్క్రీన్ నల్లబడి స్లీప్‌లోకి పోయేది. "అన్నా, ఇగ దీన్ని అమ్మేయ్" అని వాడి గోల.

పవర్ ఆప్షన్స్‌లో స్లీప్‌ను 'నెవర్' చేసినా లాభం లేదు. చౌరస్తాలో రిపేరు షాపాయన బ్యాటరీ మార్చమన్నాడు. ఛార్జర్ పెట్టి ఉన్నా అదే తంతు కదా, నేను నమ్మలేదు.

విండోస్‌లో జరిగిన వాటి చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. విండోస్ లాగ్స్‌లో 'సిస్టమ్' కింద, కెర్నల్-పవర్ పేరుతో 42 నంబరు ఎంట్రీలు వెతకాలి. స్లీప్‌లోకి ఎందుకు వెళ్లిందో అందులోనే రాసి ఉంటుంది. ఎవరూ ముట్టుకోక టైమ్ అయిపోతే 'సిస్టమ్ ఐడిల్' అని పడుతుంది. మాకేమో వరసగా 'బటన్ ఆర్ లిడ్', అంటే బటన్ నొక్కారు లేదా మూత మూశారు అని. బటన్ ఎవరూ నొక్కలేదు కదా, మూత మూశారని మెషీన్ అనుకుంటోంది!

చాలా ల్యాప్‌టాప్‌లలో మూతలో చిన్న అయస్కాంతం, కింది భాగంలో దాన్ని పసిగట్టే సెన్సర్ ఉంటాయి. మావాడి ఫోన్ ఫ్లిప్ కవర్‌కూ అయస్కాంతమే. ఫోన్ ఎప్పుడూ టచ్‌ప్యాడ్ పక్కనే. దాన్ని మెల్లగా జరుపుతూ చూస్తే, ఎడమ అంచు దగ్గరికి రాగానే స్క్రీన్ టక్కున ఆరింది.

ఫోన్ దూరంగా పెట్టమంటే వింటాడా? అందుకే పవర్ ఆప్షన్స్‌లో మూత మూస్తే ఏం చేయాలనే చోట, ఛార్జర్ ఉన్నప్పుడు 'డు నథింగ్' పెట్టాను. బ్యాటరీ మీద మాత్రం స్లీప్ అలాగే ఉంచాను, లేకపోతే బ్యాగులో నడుస్తూనే ఉండి వేడెక్కుతుంది. స్లీప్ టైమ్‌కు ముందు పెట్టిన 'నెవర్' తీసేసి 15 నిమిషాలు చేశాను.