కంపెనీతో ఇంటర్న్‌షిప్ ఒప్పందం: ఏడాది తిరిగాక తనిఖీ చేయడం ఎలా

కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే న్యాక్ బృందం వస్తోందంటే చాలు, కంపెనీలతో రాసుకున్న ఎంఓయూల (ఒప్పంద పత్రాల) ఫైలు లావెక్కుతుంది. ముందు ఆ ఫైలు తెరిచి, ఒక్కో ఒప్పందం పక్కన గడిచిన ఏడాదిలో ఆ కంపెనీకి ఎంతమంది విద్యార్థులు వెళ్లారో రాయండి. సున్నా వచ్చినవాటిని తీసేయండి, వాటికి తనిఖీ కమిటీ కూడా దండగ.

మిగిలినవాటిలో ఒక్కోదానికి పదిమంది విద్యార్థులు ఇంటర్న్‌షిప్‌లో రోజూ చేసిన పని రాసుకున్న డైరీలు తెప్పించండి. ఎవరివి పంపాలో ప్లేస్‌మెంట్ ఆఫీసుకు వదిలేస్తే మంచివే పంపుతారు. హాల్‌టికెట్ నంబర్లు చూసి మీరే ఎంచుకోండి. వరంగల్ దగ్గరి గీసుగొండ టెక్స్‌టైల్ పార్కుకు వెళ్లిన మెకానికల్ విద్యార్థి నాలుగు వారాలూ 'యంత్రాల గురించి తెలుసుకున్నాను' అనే రాస్తే, చూసొచ్చాడనే లెక్క. ఏ మెషీన్ ఎందుకు ఆగింది, ఎంతసేపు, ఏ పార్టు మార్చారు అని ఉంటే ఎవరో దగ్గరుండి నేర్పారు. మడికొండ ఐటీ కంపెనీలకు వెళ్లినవాళ్లను, రాసిన కోడ్ ఎవరు రివ్యూ చేశారో అడగండి. ముగ్గురి డైరీల్లో ఒకే వాక్యం కనిపిస్తే అవి చివరి రోజు కూర్చుని రాసినవే.

ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) లెక్కన ఒక క్రెడిట్‌కు 40–45 గంటలు. అంటే 6 క్రెడిట్లకు 240–270 గంటలు, రోజుకు 8 గంటల చొప్పున 30–34 పనిదినాలు. దీన్ని కంపెనీ గేటు హాజరుతో సరిచూడండి. తేడా ఎక్కువగా మిడ్ పరీక్షల వారంలోనే బయటపడుతుంది. రామగుండంలో ఇంటర్న్‌షిప్ చేస్తున్న పిల్లలు రైలెక్కి కాజీపేటలో దిగి పరీక్ష రాసిన రోజులకూ డైరీలో పని కనిపిస్తుంది. ఇందులో కంపెనీ తప్పేమీ లేదు, మీ క్యాలెండర్ మార్చుకోండి.

కంపెనీ సూపర్‌వైజర్ అందరికీ 95 మార్కుల పైనే వేశాడంటే మార్కుల ఫారం బాగోలేదు. 'ప్రవర్తన', 'ఆసక్తి' గడులకు ఎవరైనా నిండా మార్కులేస్తారు. వాటి బదులు 'ఈ విద్యార్థి ఎవరి సాయం లేకుండా చేయగల మూడు పనులు రాయండి' అని పెట్టండి.

స్టైపెండ్ పడిందో లేదో పాస్‌బుక్‌లో చూడండి. విద్యార్థి దగ్గరే ఫీజు గుంజేది శిక్షణ కోర్సు, దాన్ని ఇందులో కలపొద్దు. డిగ్రీ అయినవాళ్లను అప్రెంటిస్‌లుగా తీసుకోవడానికి బడ్జెట్ లేదని కంపెనీ అంటే, నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) సంగతి చెప్పండి: అప్రెంటిస్ నిబంధనల 2019 సవరణ గ్రాడ్యుయేట్‌కు నెలకు కనీసం 9,000 రూపాయలు నిర్ణయించింది, కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది.

పొడిగించే ముందు హెచ్‌ఆర్‌తో సరిపెట్టుకోకుండా విద్యార్థులకు దగ్గరుండి పని నేర్పే మెంటర్‌తోనే మాట్లాడండి. ఆయన బదిలీ అయితే మంచి ఒప్పందమూ ఒక్క సెమిస్టర్‌లో చతికిలబడుతుంది. అందుకే కొత్త ఒప్పందంలో ఇద్దరు మెంటర్ల పేర్లు, ఒక్కొక్కరి దగ్గర ఐదుగురికి మించొద్దనే షరతు రాయించండి.