సెస్నా 172లో చేతి జీపీఎస్ బిగించే పద్ధతి

ఈ చిన్న విమానంలో జీపీఎస్ పెట్టే చోట్లు మూడు: యోక్ (పైలట్ పట్టుకుని తిప్పే చక్రం), పక్క కిటికీ, గ్లేర్‌షీల్డ్ (ముందు అద్దం కింద ప్యానెల్ పైభాగం). మూడోదాన్ని వదిలేయండి. బయటి చూపుకు అడ్డమొస్తుంది, ఎండకు పరికరం కాగి ఆగిపోతుంది, పైగా కంపాస్‌కు దగ్గర. మా ఓటు యోక్‌కే.

కావలసినవి: యోక్ క్లాంప్, రెండు కొసల్లో తిరిగే 1 అంగుళం బంతులుండే పొట్టి ర్యామ్ కంపెనీ చేయి, మీ జీపీఎస్ మోడల్‌కు సరిపోయే క్రేడిల్ (పరికరం కూర్చునే తొడుగు), పల్చటి రబ్బరు ముక్క, నాలుగైదు వెల్క్రో పట్టీలు. పొడుగు చేయి కొంటే ఇంజన్ వణుకుకు తెర ఊగుతూనే ఉంటుంది.

యోక్ చక్రాన్ని ప్యానెల్‌కు కలిపే గొట్టానికి రబ్బరు చుట్టి దానిమీద క్లాంప్ బిగించండి. చేత్తో బిగిస్తే చాలు, పట్టకారు పెడితే మరలు పాడవుతాయి. అసలు జాగ్రత్త వేరే ఉంది. యోక్‌ను ముందుకు తోస్తే గొట్టం ప్యానెల్‌లోకి పోతుంది. క్లాంప్‌ను ఆ భాగం మీద బిగిస్తే అది ప్యానెల్‌కు తగిలి ఆగుతుంది, ఇక ముక్కు దించడానికి ఎలివేటర్ (తోక దగ్గర ముక్కును పైకీ కిందికీ తిప్పే రెక్క) పూర్తిగా కదలదు. స్టాల్‌లో (రెక్కలకు లేపే బలం పోయి, వెంటనే ముక్కు దించాల్సిన స్థితి) ఉన్నప్పుడు ఈ సంగతి తెలియడం మంచిది కాదు. కాబట్టి క్లాంప్ చక్రానికి ఆనుకునే ఉండాలి.

బిగించాక సీటు మీరు నడిపే స్థానానికి జరిపి, బెల్టు పెట్టుకుని, తొడమీద నీబోర్డుతో (కాగితాలు పెట్టుకునే పలక) సహా కూర్చోండి. యోక్‌ను పూర్తిగా వెనక్కి లాగి ఎడమకు, కుడికి తిప్పండి; పూర్తిగా ముందుకు తోసి మళ్లీ అలాగే. పరికరం పొట్టకో మోకాలికో తగిలితే పైకి జరపండి. రేడియోలో మాట్లాడే మీట, మిక్శ్చర్ కంట్రోల్ (ఇంజన్‌కు ఇంధనం పాళ్లు మార్చేది) చేతికి అందాలి. ఈ పరీక్ష వైరు తగిలించాక ఇంకోసారి చేయాలి. వైరుకు చక్రం రెండు వైపులా తిరిగేంత వదులు ఉంటే చాలు; అంతకంటే ఎక్కువుంటే ఉచ్చులా దేనికో తగులుకుంటుంది. మిగతాది వెల్క్రోతో కట్టేయండి.

పాత 172ల్లో కరెంటు 14 వోల్టులు, కొత్త ఎస్ మోడల్‌లో 28. కారు కోసం కొన్న 12 వోల్టుల అడాప్టర్ 28కి కాలిపోవచ్చు, లేబుల్ చూడండి. చవక ఛార్జర్లతో రేడియోలో రొద కూడా వస్తుంది. రేడియోలో స్క్వెల్చ్ (రొదను అణిచే మీట) తెరిచి, ఛార్జర్ పెట్టి తీసి వినండి, తేడా తెలుస్తుంది. ఇందుకు ఎదురుగా రేడియో కూడా జీపీఎస్‌ను చెడగొట్టొచ్చు: 131.25 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడితే దాని 12వ హార్మోనిక్ (12 రెట్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే బలహీన సిగ్నల్) 1575, జీపీఎస్ సిగ్నల్ 1575.42. 121.15 దగ్గర 13వ హార్మోనిక్‌తో అదే గొడవ. ఆ ఫ్రీక్వెన్సీల్లో మాట్లాడినప్పుడల్లా ఉపగ్రహాలు పోతుంటే జీపీఎస్‌నో దాని యాంటెన్నానో రేడియో యాంటెన్నాకు దూరంగా జరపండి.

కంపాస్ పరీక్షకు విమానాన్ని ఒక దిక్కుకు నిలిపి, ఇంజన్, రేడియోలు నడుస్తుండగా జీపీఎస్ ఆపి, వేసి, ఛార్జింగ్ పెట్టి చూడండి. నాలుగు దిక్కుల్లోనూ కంపాస్ చూపే అంకె మారకూడదు. అయస్కాంతం అడుగున ఉండే బయటి యాంటెన్నాతో ఇక్కడే తంటా.

యోక్ కుదరకపోతే సక్షన్ కప్పును ఎడమ పక్క కిటికీకి అంటించండి. అద్దం అక్రిలిక్, కనుక అమ్మోనియా ఉన్న క్లీనర్ వాడొద్దు. తడి మెత్తటి గుడ్డ చాలు. 10,000 అడుగుల్లో గాలి ఒత్తిడి నేలమీదకంటే దాదాపు మూడో వంతు తగ్గుతుంది, కప్పు పట్టు కూడా అంతే తగ్గుతుంది. అందుకే పొట్టి తాడు కట్టి ఉంచాలి, ఊడినా కాళ్ల దగ్గర పెడల్స్‌లోకి పడకుండా.

ప్యానెల్‌కు రంధ్రం వేయాలన్నా, వైరును విమానం వైరింగ్‌కు కలపాలన్నా అది మెకానిక్ పని, లాగ్‌బుక్‌లో రాయించాలి.