పెట్రోల్ లెక్క రాసుకునే గూగుల్ షీట్‌ల మైలేజీ తప్పు చూపిస్తున్నదా? బండి ఇప్పక ముందు ఇవి చూడుర్రి

"అన్నా, షీట్‌ల మైలేజీ ఒకసారి 150 ఒకసారి 35 వస్తున్నది, ప్లగ్గు మార్చాల్నా" అని మా నల్లగొండల ఎవరడిగినా నేను బండి దిక్కు పోను, ఫోన్ల షీట్ తెరువుమంట. రెండింటికి రెండుసార్లు ట్యాంక్ ఫుల్ కొట్టించినవా అని అడిగితే సప్పుడుండదు. ఇది ఎన్నిసార్లు చెప్పిన్నో లెక్కలేదు. 300 కిలోమీటర్లు తిరిగి బంకుల 2 లీటర్లే పోయించుకుంటే 150 గాక ఇంకెంత వస్తది, బండి తాగింది 2 లీటర్లు కాదు కదా. అట్ల కొంచెం పోయించినప్పుడు లీటర్లు, కిలోమీటర్ల మీటర్ రీడింగ్ రాసి మైలేజీ గడి ఖాళీగ వదిలెయ్యాలె. మళ్ల ఫుల్ కొట్టించినంక నడుమ పోసినయి, ఈ ఫుల్‌కు పోసినయి అన్నీ కలిపి, పాత ఫుల్ నుంచి కొత్త ఫుల్ దాక తిరిగిన కిలోమీటర్లను దాంతోటి భాగించుర్రి. నాజిల్ మొదటిసారి టక్కుమని ఆగంగనే ఆపించుర్రి, మూతి దాక పోస్తే లెక్క తప్పుతది.

ఇప్పుడు నన్ను బాగ ముంచింది చెప్త.

లైన్ లైన్‌కు మైలేజీ మంచిగనే ఉంటది, కింద మొత్తం మీద వచ్చేది మాత్రం ఎక్కువ చూపిస్తది. నా బండిది మొదటి ఫుల్ 18,000 రీడింగ్ కాడ, ఏడు నెలలకు 19,800, నడుమ ఆరుసార్లు ఐదైదు లీటర్లు ఫుల్ కొట్టించిన, అంటే 1,800 కిలోమీటర్లకు 30 లీటర్లు, 60 రావాలె. షీట్ 72 చూపించింది. సర్వీసింగ్ చేయించినంక పెరిగిందని సంబురపడి మా బావకు గూడ అదే మెకానిక్ కాడికి పొమ్మని చెప్పిన, ఆయన పైసలు పెట్టి చేయించుకున్నడు, ఏం పెరగలె. నాకు మస్తు బాధైంది. అప్పుడు కూసొని చూస్తే తెలిసింది, ఏ ఒక్క లైన్ల గూడ 62 దాటలె, మరి మొత్తం 72 ఎట్లైతది? లైన్లన్నిట్ల పెద్దదానికంటె మొత్తం మీది మైలేజీ ఎక్కువ ఎప్పటికీ రాదు, వచ్చిందంటె కూడికల్నే తప్పున్నట్టు.

అయ్యిందేందంటె, బిల్లు నంబర్ ముందర సున్నాలు పోతున్నయని ఆ గడిని ప్లెయిన్ టెక్స్ట్ చేసిన, పక్కనున్న లీటర్ల గడి గూడ అండ్లనే సెలెక్ట్ అయ్యింది. దాంట్ల 5 అని కొట్టినా షీట్‌కు అది అంకె కాదు, అక్షరం. మజా ఏందంటె భాగించేటప్పుడు షీట్ దాన్ని అంకె లెక్కనే తీసుకుంటది, అందుకే ఆ లైన్ సక్కగుంటది, కానీ కూడే సమ్ (SUM) ఫార్ములా గడులను కలిపేటప్పుడు టెక్స్ట్‌ను సప్పుడు చెయ్యకుండ వదిలేస్తది, ఎర్రగ ఎర్రర్ గూడ రాదు. 30 లీటర్లు 25 అయినయి, 1,800ను 25తోటి భాగిస్తే 72.

పట్టుకునుడు అల్కగనే ఉంటది. లీటర్ల కాలమ్ మీద ఒక గడిల కౌంట్ (COUNT), ఇంకో గడిల కౌంట్-ఏ (COUNTA) ఫార్ములా పెట్టుర్రి, హెడ్డింగ్ వదిలి. మొదటిది అంకెలనే లెక్కపెడ్తది, రెండోది ఏదున్నా లెక్కపెడ్తది, రెండు సమానం కాకుంటె దొంగ గడి ఉన్నట్టే. మామూలుగ అంకెలు కుడి దిక్కు, టెక్స్ట్ ఎడమ దిక్కు ఉంటయి, కానీ నేను అందం కోసమని అన్నీ నడుమకు పెట్టుకున్న, అందుకే కండ్లకు కనపడలె. ఆ గడి ఫార్మాట్ నంబర్ చేసి, అంకె తుడిచి మళ్ల కొట్టుర్రి, ఫార్మాట్ ఒక్కటి మారిస్తె ఒక్కోసారి మారదు. ఇంకోటి, మొదటి ఫుల్ లీటర్లు మొత్తంల కలపొద్దు, అవి 18,000 కంటె ముందు తాగినయి.

మైలేజీ మైనస్‌ల వస్తే తారీకు తేడా కావొచ్చు, తేదీ ముందా నెల ముందా అని షీట్ గడబిడ పడితె తారీకుల వరుస పెట్టినప్పుడు లైన్లు తారుమారైతయి, సెట్టింగ్స్‌ల దేశం ఇండియా పెట్టి తారీకులు మళ్ల చూసుకోర్రి.

లెక్కంత సక్కగుండి నెలనెలా నిజంగనే పడిపోతుంటె, పొద్దుగాల బండి తియ్యక ముందు టైర్ల గాలి చూడుర్రి, తర్వాత చైను, బ్రేకులు వదలకుండ చక్రాన్ని పట్టుకుంటున్నయా చూడుర్రి. బంకుల తక్కువ పోస్తున్నరని అనుమానముంటె 5 లీటర్ల కొలత పాత్రల పోసి చూపియ్యమని అడగొచ్చు, బంకుల అది ఉండాలె. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కొచ్చిన ట్యాంక్ తక్కువిస్తే అది రోగం కాదు, ఆ లైన్ పక్కన ఘాట్ అని రాసి పెట్టుకోర్రి.