చిన్న ఫోన్‌లో పెద్ద జాబితా: ఊరి పేరు త్వరగా దొరకాలంటే

దరఖాస్తు నింపే యాప్‌లో వేల ఊళ్ల పేర్లను ఒకే వరుసలో పేర్చి, వేలితో జరుపుకుంటూ వెతుక్కోమనడం వాడేవారి ఓపికను పరీక్షించడమే. తెలంగాణ ఊళ్ల జాబితానే తీసుకుంటే, ముందు 33 జిల్లాల్లో ఒకదాన్ని, తరువాత మండలాన్ని ఎంచుకోమంటే చూడవలసిన పేర్లు బాగా తగ్గిపోతాయి. అయితే మండలాల విభజన తరువాత తమ ఊరు ఎందులోకి వెళ్లిందో చెప్పలేనివారు ఉంటారు కనుక, నేరుగా ఊరి పేరుతో వెతికే పెట్టె కూడా తప్పనిసరి.

కుడి అంచున అక్షరాల పట్టీ పెట్టే పద్ధతి తెలుగుకు నప్పదు. ఆండ్రాయిడ్ మార్గదర్శకాల ప్రకారం వేలితో తాకే చోటు కనీసం 48 డీపీ (తెర మీది కొలతలకు ఆండ్రాయిడ్ వాడే ప్రమాణం) ఉండాలి. వర్ణమాలలోని యాభైకి పైగా అక్షరాలను ఆ కొలతతో నిలువుగా పేర్చగల ఫోన్ తెర లేదు.

అసలు శ్రమ పెట్టవలసింది పేర్లను పోల్చే పద్ధతి మీద. "కొత" అని కొట్టగానే "కొత్తపల్లి" కనిపించాలంటే, పూర్తి అక్షరాలను కాక యూనికోడ్ సంకేతాలను (హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు వంటి ఒక్కోదానికీ కంప్యూటర్‌లో ఉండే విడి సంఖ్యలను) వరుసగా పోల్చాలి. లేకపోతే "త", "త్త" వేర్వేరు అక్షరాలై పేరు దొరకదు. ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల జతగానూ రాయవచ్చు కనుక, పోల్చే ముందు రెండు వైపులా ఒకే రూపానికి మార్చి, అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనిపించని విడదీత గుర్తులను తొలగించాలి. పల్లి, పల్లె రెండింటినీ ఒకటిగానే చూడాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవారి కోసం హల్లు తరువాతి హెచ్‌ను వదిలేసి, జంట అక్షరాలను ఒకటి చేసి, డబ్ల్యూను వీగా భావించి పోలిస్తే చాలా తేడాలు సర్దుకుంటాయి.

కీబోర్డు దాదాపు సగం తెరను ఆక్రమిస్తుంది. కాబట్టి ఫలితాలు పెట్టెకు వెంటనే కింద, కొట్టిన అక్షరాలతో మొదలయ్యే పేర్లు ముందుగా రావాలి. కొత్తపల్లులు ఎన్నో ఉన్నాయి కనుక ప్రతి పేరు కింద చిన్న అక్షరాల్లో మండలం, జిల్లా చూపాలి.

పదివేల పేర్లయినా కొన్ని వందల కిలోబైట్లకు మించవు. వాటిని ఫోన్‌లోనే ఉంచితే ప్రతి అక్షరానికీ సర్వర్‌ను అడగనక్కరలేదు, సిగ్నల్ లేనిచోట కూడా వెతుకులాట ఆగదు. ఏదీ దొరకనప్పుడు ఖాళీ తెర చూపకుండా, దగ్గరి పేర్లు నాలుగైదు ఇచ్చి, వాటి కింద "మా ఊరు ఇందులో లేదు" అనే మీట పెట్టి, పేరును చేతితో రాసే వీలు కల్పించాలి.