సూర్యుడికి ఎదురుగా: ఎడారిలో అగేట్ రాళ్ళు వెతకడం

అగేట్ రాళ్ళ కోసం స్నేహితులం నలుగురం మొదటిసారి ఎడారికి వెళ్ళిన రోజున, ఎండ కళ్ళలో పడకుండా ఉంటుందని, సూర్యుణ్ణి వీపున ఉంచుకుని పొద్దున్నంతా పడమటికి నడిచాము. మధ్యాహ్నం వాహనం దగ్గరికి తిరిగి వచ్చి చూసుకుంటే సంచుల్లో ఉన్నవన్నీ మామూలు గులకరాళ్ళే. పొద్దు వాలాక అదే దారిన మళ్ళీ బయలుదేరినప్పుడు ఎండ ముఖాన పడింది. పొద్దున తొక్కుకుంటూ దాటిపోయిన నేల మీదే, గోరంతవి కొన్ని, గుప్పెడంతవి కొన్ని, లోపల ప్రమిద వెలిగించినట్టు తేనె రంగులో మెరుస్తూ కనిపించాయి. సుత్తి పట్టుకోవడం కన్నా ముందు, వెలుతురుకు ఎటు తిరిగి నడవాలో నేర్చుకోవాలని ఆ సాయంత్రం మాకు తెలిసివచ్చింది.

దీనికి కారణం రాయి స్వభావంలోనే ఉంది. అగేట్ అంటే పొరలు పొరలుగా పేరుకున్న చాల్సెడోనీ, అంటే విడివిడిగా కంటికి ఆననంత సన్నని స్ఫటికాలతో ఏర్పడిన క్వార్ట్జ్ (పలుగురాయి). వెలుతురు దానిలోకి కొంత చొచ్చుకుపోతుంది, చుట్టూ పడి ఉన్న నల్లని బసాల్ట్ (లావా చల్లబడి గట్టిపడిన రాయి) ముక్కల్లోకి పోదు. కాబట్టి సూర్యుడు వెనక ఉన్నప్పుడు అన్ని రాళ్ళూ ఒకే తీరుగా కనిపిస్తాయి, ఎదురుగా దిగువన ఉన్నప్పుడు మాత్రం అగేట్ అంచులు వెలుగుతాయి. సూర్యోదయం తరువాతి రెండు గంటలను, సూర్యాస్తమయానికి ముందటి రెండు గంటలను వెతుకులాటకు ఉంచుకుని, నడిమి ఎండ వేళను నీడలో గడపడం మంచిది. ముదురు రంగు కళ్ళద్దాలు ఈ సన్నని మెరుపును మింగేస్తాయి కనుక, వాటికి బదులు వెడల్పు అంచున్న టోపీని నుదుటి మీదికి దించుకోండి. సూర్యుడి వైపు నేరుగా చూడకుండా, చూపును రెండు మూడు మీటర్ల ముందు నేల మీద నిలిపి నెమ్మదిగా నడవండి.

ఎక్కడ నడవాలన్నది ఆ ప్రాంతపు భూగర్భ పటం, అంటే ఏ చోట ఏ రాయి ఉందో చూపే పటం, చెబుతుంది. లావా చల్లబడేటప్పుడు అందులో చిక్కిన వాయువుల వల్ల బుడగల వంటి ఖాళీలు మిగులుతాయి. ఆ తరువాత సిలికా (క్వార్ట్జ్‌కు మూలమైన పదార్థం) కరిగి ఉన్న నీరు వాటిలోకి ఊరి, గోడల నుంచి లోపలికి పొర మీద పొరగా సిలికాను పేరుస్తుంది. ఇనుము ఆక్సైడ్లు చేరిన పొరలు ఎరుపు, గోధుమ రంగుల్లోకి తిరుగుతాయి, నడుమ చోటు మిగిలితే అందులో పలుగురాతి స్ఫటికాలు మొలుస్తాయి. పేరుపొందిన బోట్స్వానా అగేట్లు, మెక్సికోలోని చివావా అగేట్లు ఇలా లావా రాతి ఖాళీల్లో పుట్టినవే. లావా రాయి కాలక్రమాన పొడి అయి మట్టిలో కలిసినా, ఖనిజాల గట్టిదనాన్ని పది వరకు లెక్కించే మోస్ కొలమానం మీద 6.5 నుంచి 7 వరకు కాఠిన్యమున్న అగేట్ అరగకుండా మిగిలి, వానలకు వాలు వెంట కిందికి దొర్లుతుంది. అందుచేత పటంలో పాత లావా ప్రవాహాలను గుర్తించి, వాటి కింది వాలుల్లో, ఎండిన వాగుల అడుగున, గాలి ఇసుకను ఊడ్చేయగా గులకరాళ్ళు పరిచినట్టు మిగిలిన చదునైన నేలల్లో వెతకాలి. వాన వెలిసిన మరునాడు దుమ్ము కడుక్కుపోయి రాళ్ళ రంగు తేలుతుంది కాబట్టి, అది అన్నిటికన్నా మంచి రోజు.

స్నేహితులు తోడుండటం ఇక్కడే నిజంగా ఉపయోగపడుతుంది. అందరూ ఒక గుంపుగా నడిస్తే ఒకే నేలను నలుగురు చూసినట్టవుతుంది. అలా కాక మనిషికి మనిషికి ఐదారు మీటర్ల ఎడం ఉంచి, వరుసగా, ఒకే వేగంతో కదలండి. ఎవరికైనా ఒక ముక్క దొరికితే అందరూ ఆగి, దాని చుట్టూ మోకాళ్ళ మీద వంగి చూడండి, ఎందుకంటే ఒకటి ఉన్నచోట సాధారణంగా మరికొన్ని ఉంటాయి. వాగులో అగేట్ ముక్కలు కనిపిస్తే ఎగువకు సాగండి. పైకి పోయేకొద్దీ ముక్కలు పెద్దవై, అంచులు పదునెక్కుతుంటే అవి పుట్టిన చోటు దగ్గరపడుతోందని అర్థం. అవి ఒక్కసారిగా ఆగిపోతే ఆ చోటును దాటి వచ్చారన్నమాట, వెనుదిరిగి పక్కనున్న గట్లను ఎక్కి చూడండి. ఓపికతో చేసే ఈ అన్వేషణ నాకు రాయి దొరకడం కన్నా ఎక్కువ ఇష్టం.

చేతికి వచ్చిన రాయి అగేట్ అవునో కాదో తేల్చుకోవడానికి స్ప్రే సీసాలో నీళ్ళు, ఒక భూతద్దం, ఒక చాకు చాలు. పగలని ముద్ద బయటికి బంగాళదుంపలా బొడిపెలతో, దుమ్ము రంగులో, ఏ ఆకర్షణా లేకుండా ఉంటుంది. దాని మీద ఎక్కడో పెచ్చు లేచిన చోట నీళ్ళు చల్లి, సూర్యుడికి అడ్డంగా పట్టుకుని చూడండి: మైనపు నిగారింపు, శంఖపు లోపలి వంపు వంటి పగులు, దాని వెనుక వెంట్రుకంత సన్నని పొరలు ఒకదానినొకటి దాటకుండా వంపులు తిరగడం కనిపిస్తే అది అగేట్. చాకు మొన గీత పెట్టగలిగితే అది కాల్సైట్ వంటి మెత్తని ఖనిజం. రంగు బాగున్నా అంచుల్లో కూడా వెలుతురు దూరకపోతే బహుశా జాస్పర్, అంటే వెలుతురు చొరనివ్వని మరో రకం క్వార్ట్జ్ రాయి. ఎడారిలో పడి ఉన్న పాత సీసా పెంకులు కూడా ఎండకు అచ్చం ఇలాగే మెరుస్తాయి, వాటిలో గుండ్రని గాలి బుడగలు భూతద్దంలో కనిపిస్తాయి.

దొరికిన ముద్దను అక్కడికక్కడే సుత్తితో పగలగొట్టకండి. లోపల పొరలు ఏ దిశలో తిరిగాయో తెలియకుండా కొట్టిన ఒక్క దెబ్బకు రాయి అంతటా పగుళ్ళు పాకి పనికిరాకుండా పోతుంది. ఇంటికి తెచ్చి వజ్రపు అంచున్న రంపంతో, నీళ్ళు పోస్తూ కోయించాలి. పొడిగా కోస్తే లేచే సిలికా ధూళి ఊపిరితిత్తులకు శాశ్వతమైన హాని చేస్తుంది. గట్టు నుంచి ముద్దను విడదీయడానికి సుత్తి వాడక తప్పనప్పుడు, రాళ్ళ పనికి చేసిన సుత్తినే వాడాలి, రక్షణ కళ్ళద్దాలు పెట్టుకోవాలి, మిగిలినవారు దూరంగా జరగాలి, ఎందుకంటే అగేట్ పెచ్చులు బ్లేడులా కోస్తాయి.

నీళ్ళ విషయంలో పొదుపు చేయవద్దు. మనిషికి రోజుకు కనీసం నాలుగు లీటర్లు, వేసవిలో అంతకన్నా ఎక్కువ తీసుకువెళ్ళి, వాహనంలో వేరుగా మరికొంత ఉంచండి. ఎక్కడికి పోతున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో ఇంటి దగ్గర ఒకరికి రాసి ఇవ్వండి. సిగ్నల్ అందని చోటు కోసం పటాన్ని ముందే ఫోనులోకి దింపుకుని, ప్రతివారి మెడలో ఒక ఈల వేయండి. వరుసగా మూడు ఈలలు వినిపిస్తే అందరూ అటు నడవాలి. నేల చూస్తూ నడిచేవారికి దూరం తెలియదు కనుక, పావుగంటకోసారి తల ఎత్తి వాహనం ఉన్న దిక్కును గుర్తుచేసుకునే పనిని ఒకరికి అప్పగించండి. పాములు, తేళ్ళు నీడను వెతుక్కుంటాయి కాబట్టి కనిపించని సందుల్లో చేయి పెట్టకుండా, రాయిని కర్రతో తిప్పి చూడండి. ఎక్కడో కొండల మీద కురిసిన వాన కూడా ఎండిన వాగును నిమిషాల్లో ముంచెత్తగలదు, కాబట్టి దూరాన ఉరుము వినిపించినా వాగులో ఉండకుండా గట్టెక్కండి.

బయలుదేరేముందే ఆ నేల ఎవరిదో, అక్కడ రాళ్ళు ఏరుకోవచ్చో లేదో తెలుసుకోవాలి. చాలా జాతీయ ఉద్యానవనాల్లో గులకరాయిని కూడా తీయకూడదు, గనుల హక్కులున్న చోట హక్కుదారు అనుమతి కావాలి. చాల్సెడోనీని ప్రాచీన మానవులు పనిముట్లకు వాడారన్నది ఎన్నడూ మరువకూడదు. అంచు వెంట వరుసగా చిన్న చిన్న పెచ్చులు లేపిన ముక్క కనిపిస్తే అది మనిషి చేతి పని కావచ్చు. దానిని కదపకుండా ఉన్నచోటనే వదిలేయండి, ఎందుకంటే చోటు మారితే అది చెప్పగలిగినదంతా పోతుంది.

పంపకం గురించి వెళ్ళేముందే మాట్లాడుకోవడం మంచిది. మేము పాటించే పద్ధతి ఏమిటంటే, ఎవరికి దొరికినది వారిదే, కానీ ఒకరు చూపిన గుంట నుంచి తీసినవాటిలో మొదటి ఎంపిక చూపినవారిది. ఇంటికి చేరాక గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో తోమితే మట్టి చాలావరకు వదిలిపోతుంది. ఆ వెంటనే, జ్ఞాపకం తాజాగా ఉండగానే, ప్రతి రాయి మీద ఒక మూలన చిన్న చుక్క తెల్ల రంగు వేసి, ఆరాక దాని మీద సిరాతో అంకె రాసి, అదే అంకె కింద నోటు పుస్తకంలో తేదీ, వాగు లేదా గుట్ట గుర్తు, దొరికినవారి పేరు రాసుకోండి.