పుట్టి వడ్లు, పది ఇళ్లు: రైతు దగ్గర కలిసి కొనడం ఎలా?

నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోల వడ్లు. నూటికి 67 కిలోల చొప్పున ఆడినా 570 కిలోల బియ్యం. నూకలు చెరిగేస్తే 500 చేతికొస్తాయనుకోండి. నెలకు పాతిక కిలోలు వండే పది ఇళ్లకు రెండు నెలల తిండి. మొదటిసారి ఇంతకు మించి పెట్టుకోవద్దు.

కోతలప్పుడు కాదు, నాట్లకు ముందే కదలాలి. కోవూరు, ఇందుకూరుపేట వైపు ప్రకృతి సేద్యం చేసే రైతును చూసుకుని, అందరూ ఒకచోట కూర్చోండి. ఏ వరి రకం వేయాలి, మొలగొలుకులా, ఎన్ఎల్ఆర్ 34449ఆ అన్నది ఇంటికొక ఓటుతో తేల్చుకోవచ్చు. ధరను మాత్రం ఓటుకు పెట్టకండి. పదిమంది కొనేవాళ్ల ముందు రైతుది ఒకటే ఓటు, ఎప్పుడూ ఓడిపోతుంది. ఆయన ఖర్చులు చదివించుకుని, ఆయన ఒప్పుకున్నదే నోటుపుస్తకంలో రాసి సంతకాలు పెట్టండి.

ఒప్పందం చెడేది కూడా ఎక్కువగా ధర దగ్గరే. ఒకే అంకె రాసుకుంటే బజారు పెరిగినప్పుడు రైతు, తగ్గినప్పుడు మనవాళ్లు జారుకుంటారు. అందుకే కింది హద్దు, పై హద్దు రాసుకోవాలి. కిందిది మద్దతు ధరకు తగ్గకూడదు: 2025-26లో ఏ గ్రేడు క్వింటాలు 2,389 రూపాయలు, పుట్టికి 20,306. మూడోవంతు డబ్బు నాట్లప్పుడే ఇవ్వండి. లేదంటే పెట్టుబడికి అప్పిచ్చిన వ్యాపారికే పంట పోతుంది.

పిలక దశలో ఒకసారి, పొట్ట దశలో ఒకసారి చేను చూసి రండి. ప్రకృతి సేద్యంలో చేనుకు పారించే జీవామృతం డ్రమ్ము మూత తీయించండి. 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మన్ను. ఎప్పుడు కలిపారో, ఎప్పుడు పారించారో అడిగి రాసుకోండి. కనీసం ఐదుగురు రైతులు కలిస్తే, రైతులే ఒకరి చేను ఒకరు చూసి సేంద్రియ పంటని ధ్రువీకరించుకునే ప్రభుత్వ పద్ధతి పీజీఎస్ ఇండియా కింద గుంపుగా నమోదు కావచ్చు.

తూకం దగ్గర నిజాయితీ మన వంతు. తేమ, తరుగు పేరుతో 850కి పైన తూచుకోవడం ఇక్కడి రైతుల పాత గోడు. ఖాళీ గోతాం బరువు తీసేసి, సరిగ్గా 850 దగ్గర ముల్లు ఆపండి. తేమ 14 శాతం లోపుండాలి. గింజ కొరికితే కటుక్కుమనాలి, మెత్తగా నలిగితే ఇంకో రెండెండలు.

మొత్తం ఒకేసారి ఆడించకండి. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది, బియ్యంగా నిల్వ ఉంచితే ముక్కుపురుగు పడుతుంది. వడ్లుగానే ఆరేడు నెలలు మాగనిచ్చి, నెలకు సగం పుట్టి ఆడించుకోండి. పాలిష్ ఒక్కసారి చాలని మిల్లులో ముందే చెప్పాలి. తవుడు ఎవరిదన్నది కూడా పుస్తకంలో ఉండాలి. రైతుకు బర్రెలుంటే ఆయనకే వదిలేయండి.